ఎదురింట ఉంచిన ప్రయాణపు మూట

అక్షరానికి అధిదేవతయైన తల్లికి నమస్కరించి, నలభై నాలుగేళ్లు నాకు నీడనిచ్చిన నగరానికి నమస్కరించి, ఎవరి ఎదుట నేడు తల ఎత్తలేనో ఆ ఎదురింటి ఇల్లాలికి అందరికంటె మిన్నగా నమస్కరించి, ఈ నాలుగు మాటలు మొదలుపెడుతున్నాను. స్వస్తిశ్రీ విశ్వావసు నామ సంవత్సరం, దక్షిణాయనం, శరదృతువు, కార్తిక శుద్ధ త్రయోదశి, సోమవారం. అపరాహ్ణం మూడు దాటి రేవతీ నక్షత్రం ప్రవేశించిన పిమ్మట, నాచారంలో మా ఇంటికి సరిగ్గా పడమట ఉన్న ఇంట నా ప్రస్థానం ఉంచాను.

ప్రస్థానమంటే ఈ కాలపువారికి తెలియకపోవచ్చు. దూరప్రయాణానికి మంచి ముహూర్తం ఒకనాడు, బండి కదిలేది మరొకనాడు అయినప్పుడు, ఆ ముహూర్తానికి మనిషికి బదులు మనిషికి ప్రియమైన వస్తువును గడప దాటిస్తారు. పోవలసిన దిక్కున ఉన్న ఒకరి ఇంట దానిని ఉంచి, బయలుదేరే నాడు అక్కడినుంచి తీసుకొని వెళతారు. వస్తువు సుముహూర్తాన కదిలింది గనుక మనిషీ కదిలినట్లే. నా విమానం శుక్రవారం. శుక్రవారం పడమటి దిక్కుకు వారశూల, అంటే ఆనాడు ఆ దిక్కుకు ప్రయాణం కూడదు. నేను పోవలసినదేమో పడమటి దేశానికి.

జర్మనీలోని ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో, ఎప్పుడో ఎవరో పట్టుకుపోయిన తెలుగు తాటాకు గ్రంథాలు చదివే దిక్కులేక పడి ఉన్నాయి. వాటిని చదివి, ఏది ఏమిటో వ్రాసిపెట్టడానికి ఏడాదిన్నర పాటు రమ్మని పిలిచారు. అరవై తొమ్మిదేళ్ల వయస్సులో నాకు దక్కిన ఆ పిలుపు గర్వకారణమే. ఆ గర్వం ఈ కథలో కొంత పనిచేసింది గనుక చెబుతున్నాను.

నేను పండితుని కూతురిని. మా నాన్నగారు పంచాంగం స్వయంగా గుణించగలిగినవారు. తెనాలిలో మా ఇంటి అరుగుమీద అన్నలు గోళీలాడుకుంటూంటే నేను ఆయన పక్కన కూర్చుండి తిథివార నక్షత్రాలు వల్లించాను. అయినా ఊళ్లో ఎవరూ ఆడపిల్లను ముహూర్తం అడగలేదు. పెళ్లి మాట పడనివ్వక హైదరాబాదు వచ్చి, ఒక ప్రాచ్య కళాశాలలో ముప్పైనాలుగేళ్లు ఛందస్సు, వ్యాకరణం బోధించాను. అక్కడ కూడా తిథిని గురించి సందేహం వస్తే విద్యార్థులు నా బల్ల దాటి వెళ్లి మగ అధ్యాపకులను అడిగేవారు. నన్ను మొట్టమొదట శాస్త్రం అడిగినది నాచారంలోని మా వీధి. జనగామ, ఆలేరు, సూర్యాపేట ప్రాంతాలనుంచి ఫ్యాక్టరీ పనులకు వచ్చి స్థిరపడిన కుటుంబాలవి. బోరు వేయించాలన్నా, పిల్లకు చెవులు కుట్టించాలన్నా, "టీచరమ్మను అడుగుండ్రి" అనేవారు. ఆ మాట నాకెంత ప్రియమో ఎన్నడూ ఎవరికీ తెలియనివ్వలేదు.

ఎదురింటి ఇల్లాలికి నలభై అయిదేళ్లుంటాయి. పారిశ్రామికవాడలో మందుబిళ్లలను అట్టపెట్టెల్లో సర్దే పని ఆమెది. భర్త సరుకు బండి నడుపుతాడు. ఆమె పుట్టిల్లు జనగామ దాటి కొంత లోపల. నాలుగేళ్ల కిందట సాయంకాలాలు మా వరండాలో కూర్చుండి ఆమె చదవడం నేర్చుకుంది. ఒకనాడు ఉప్పల్ నుంచి ఫోను చేసి, "అమ్మా, ఇయ్యాల ఎవ్వర్ని అడగలె. బస్సు మీద జనగామ అని నేనే సదువుకొని ఎక్కిన" అంది. ఆనాటినుంచి నేను చెప్పినదల్లా ఆమెకు శాస్త్రమే అయింది.

ఆ సోమవారం ఆమె పీట కడిగి, ముగ్గువేసి సిద్ధంగా ఉంచింది. నా మూట చిన్నది. పసుపు అద్దిన గుడ్డలో కొత్త నేతచీర, పసుపుకొమ్ములు, వక్కలు, అక్షతలు, వాటి నడుమ తాటాకులు చదవడానికి వాడే నా భూతద్దం. నేను దానిని పీటమీద ఉంచుతుంటే ఆమె భర్త గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

"ఏందమ్మా గిది, మూట ముందుగాల పోతది, మనిషి ఎనుక పోతదా? మా లారీ ఆఫీసుల గూడ గిట్లనే. సరుకు పోతది, కాగితం రాదు."

"నువ్వు సప్పుడు జెయ్యకు," అంది ఆమె. "శాస్త్రం ముంగట లారీ ముచ్చట్లేంది?"

"శాస్త్రాన్ని ఏమంటలేనే. మూటకు గూడ సీటు దొరికిందా అని అడుగుతున్న."

ముగ్గురమూ నవ్వాము. ఆ నవ్వు సద్దుమణిగాక ఆమె చేతులు కట్టుకొని అడిగింది. "అమ్మా, ఇంకేమన్న పట్టింపులున్నయా? మాకు తెల్వది. గాలిల పోయే ప్రయాణమాయె, మా దిక్కుకెళ్లి తప్పు జరగొద్దు."

పట్టింపులేవీ లేవు. మూటను కదపకుండా ఉంచితే చాలు. అదే చెప్పవలసింది. కాని ఆమె నా ముఖంలోకి అంత శ్రద్ధగా చూస్తూ నిలబడితే, 'ఏమీ లేదమ్మా' అని చప్పగా చెప్పి గడప దాటడం నాకు చేతకాలేదు. ఉత్తచేతులతో పంపినట్లనిపించింది. "మూట ఉన్నన్నాళ్లూ ఈ ఇంటికి తాళం పడకూడదు. ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి. ప్రస్థానమున్న ఇల్లు మూతపడితే ప్రయాణానికి చేటు" అన్నాను. ఇది ఏ గ్రంథంలోనూ లేదు. మా నాన్నగారు ఎన్నడూ చెప్పలేదు. ఆ నియమం నా నోట అప్పటికప్పుడు పుట్టింది. పుట్టినప్పుడు దాని గొంతు అచ్చంగా మా నాన్నగారి గొంతులాగే ఉంది.

"గంతేనా? నాల్గు రోజులు తాళమెయ్యకుంటే ఏమైతదమ్మా," అంది ఆమె. "దోసుకపోను మా ఇంట్ల ఏమున్నది, ఈయన తప్ప."

బుధవారం, కార్తిక పౌర్ణమి నాడు, నాకు రావలసిన వీసా రాలేదు. దాని బదులు ఒక ప్రశ్న వచ్చింది. నా పాస్‌పోర్టులో పుట్టిన తేదీ జూలై ఒకటి. అది బడిలో చేర్చుకున్ననాడు ప్రధానోపాధ్యాయుడు తన సౌకర్యం కొద్దీ వేసిన తేదీ. ఆరోగ్య బీమా కాగితంలోనేమో నేను మా నాన్నగారు జాతకచక్రం పక్కన వ్రాసిన అసలు తేదీని స్వహస్తంతో వ్రాశాను. నిజమైన తేదీ నిజమైనదే గదా అన్న పట్టుదలతోనే వ్రాశాను. ఆ రెండూ కలవలేదు. కాగితం సరిచేయించి మళ్లీ సమర్పించి, అనుమతి వచ్చేసరికి మూడు నాలుగు వారాలు పడుతుందన్నారు. తప్పు పూర్తిగా నాదే. విమానం టికెట్టు మార్పించుకున్నాను.

ఇక ప్రస్థానానికి గడువున్నది. సామాన్యులకు అయిదు రోజులని మా నాన్నగారు చెప్పేవారు. ఆ లోపల ప్రయాణం సాగకపోతే ప్రస్థానం చెల్లదు. వస్తువును వెనక్కి తెచ్చుకొని, మరో ముహూర్తాన మళ్లీ ఉంచాలి. శనివారం తెల్లవారేసరికి ఆ పీటమీద ఉన్నది ఒక చీర, ఒక అద్దం, కొన్ని వక్కలు మాత్రమే. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసీ తెచ్చుకోలేదు. వెనక్కి తెచ్చుకుంటే తేదీ విషయంలో నేను చేసిన పొరపాటు వీధికంతా చెప్పుకోవలసి వస్తుంది. ముహూర్తాలు పెట్టే మనిషి తన పుట్టినరోజునే తప్పు వ్రాసుకుందంటే నవ్వరా? శనివారం వీధి దాటి వెళ్లి, "ఇంకా కొంచెం ఆలస్యమవుతుందమ్మా" అని మాత్రం చెప్పాను.

"ఉండనియ్యుండ్రి. మూట ఏమన్న బువ్వ అడుగుతదా?" అంది ఆమె. పీట పక్కన చిన్న ప్రమిద వెలుగుతున్నది. దీపం పెట్టమని నేను చెప్పలేదు. అది ఆమె తనంతట తాను చేర్చుకున్నది.

తరువాతి పదిరోజులూ నా జీవితంలో అత్యంత సంతోషకరమైన రోజులని చెప్పడానికి ఇప్పుడు నాలుక తడబడుతున్నది. పెట్టెలు సర్ది ఉన్నాయి. పాలు, పేపరు మానిపించాను. వండుకోవడం తగ్గించాను. చేయవలసిన పని లేదు. అనుకోకుండా దక్కిన ఆ రోజులను నగరానికి వీడ్కోలు చెప్పుకోవడానికి వినియోగించుకున్నాను. ప్రొద్దున తొమ్మిదింటికి ఇంటికి తాళం వేసి, ఉప్పల్ దాకా ఆటోలో వెళ్లి మెట్రో ఎక్కేదానిని. దీపాల వేళకు తిరిగివచ్చేదానిని.

మొదటినాడు ఆటో అతను అడిగాడు. "యాడికి దించాలమ్మా?"

"ఉప్పల్ మెట్రో. అక్కడినుంచి ఎక్కడికో ఇంకా అనుకోలేదు. ఊరు చూద్దామని."

"కొత్తగొచ్చిన్రా?"

"నలభై నాలుగేళ్లయింది."

అతడు అద్దంలోంచి నావైపు చూశాడు. "మరి ఇన్నేండ్లు కండ్లు మూస్కున్నరా ఏంది?"

ఆ మాట నాకు నచ్చింది. ఇన్నేళ్లుగా కళాశాలకు, ఇంటికి, అంగడికి అవసరం కొద్దీ తిరిగిన ఊరిని, ఏ అవసరమూ లేకుండా తిరగడం అదే ప్రథమం. ఆదివారం ఆబిడ్స్ కాలిబాటమీద పాత పుస్తకాల మధ్య గొంతుకూర్చున్నాను. అంచుల్లో ఎవరో పిల్ల పెన్సిలుతో గురులఘువులు గుర్తించుకున్న ఒక పాఠ్యపుస్తకం దొరికితే, సగం తప్పులున్నా దిద్దకుండా తిరిగి పెట్టేశాను. నయాపూల్ మీద నిలబడి మూసీలో నురగల మధ్య ఒంటికాలిమీద నిలిచిన కొంగలను చూశాను. ఇరానీ హోటలులో ఒక్కదాన్నే కూర్చుండి, రెండు ఉస్మానియా బిస్కెట్లు చాయలో ముంచుకు తిన్నాను. యాభై ఏళ్ల కిందట మా నాన్నగారు చూసి ఉంటే మైలపడ్డానని స్నానం చేయించేవారు. రైలు తార్నాక దాటి మెట్టుగూడ వంపు తిరిగేటప్పుడు రైల్వే క్వార్టర్ల పెంకులు, వాటిమీద ఆరవేసిన మిరపకాయలు, నీళ్లతొట్ల మీద వాలిన కాకులు కనిపించేవి. పరదేశంలో కళ్లు మూసుకుంటే ఇవి కనపడాలని ఒక్కొక్కదానిని గట్టిగా చూశాను.

నాచారాన్నీ అట్లాగే చూశాను. గాలి పడమటినుంచి వీస్తే బిస్కెట్లు కాల్చే తీపివాసన, ఆగిపోతే మందుల ఫ్యాక్టరీ ఘాటు, ఉత్తరపు గాలి తిరిగిన సాయంకాలం జవహర్‌నగర్ చెత్తగుట్టల దుర్గంధం. ఆ దుర్గంధం కూడా నాకు ముద్దుగానే తోచింది.

శుక్రవారం సాయంకాలం ఉప్పల్ కూడలి మీద గుండ్రంగా కట్టిన పాదచారుల ఆకాశమార్గం ఎక్కి చాలాసేపు నిలబడ్డాను. కింద వరంగల్లు దారి పట్టే బస్సులు ఒకదాని వెనుక ఒకటి వచ్చి ఆగుతున్నాయి. "జనగాం, జనగాం! స్టేషన్ ఘన్‌పూర్, హన్మకొండ!" అని కండక్టర్లు అరుస్తున్నారు. మూటలు, గంపలు, చంకలో పిల్లలు. ఆ కేకలో ఒక లయ ఉన్నదని గుర్తించి, అది ఏ గణాల కూర్పో వేళ్లమీద లెక్కపెట్టుకుంటూ ఆనందించాను. ఆ బస్సు ఎక్కవలసిన మనిషి ఒకతె, ఎక్కడానికి వీలులేక, అదే సమయంలో నా గేటు ముందు నిలబడి ఉన్నదని నాకు తెలియదు.

ఆదివారం సాయంకాలం నేను తిరిగివచ్చేసరికి ఆమె తన గుమ్మంలోనే ఉంది. ఒక కాలు లోపల, ఒక కాలు వెలుపల.

"అమ్మా, జర ఆగుండ్రి. మీ ప్రయాణం ఎన్నడైతదో ఏమన్న తెలిసిందా?"

ఆమె మొగం పీక్కుపోయి ఉందని చూశాను. అది ఫ్యాక్టరీ అలసట అనుకున్నాను. "ఇంకో రెండు వారాలైనా పడుతుందేమోనమ్మా. నాకు మాత్రం మంచిదే అయింది. ఈ ఊరిని విడిచిపోవడం ఎంత కష్టమో ఇప్పుడు తెలుస్తోంది" అని మొదలుపెట్టి, మూసీని గూర్చి, కొంగలను గూర్చి, ఆకాశమార్గంమీంచి కనిపించే సూర్యాస్తమయాన్ని గూర్చి చెప్పాను. ఆమె వింటూ నిలబడింది. మధ్యలో ఒకసారి నోరు తెరిచి మూసింది. "మంచిగ తిరుగుండ్రి అమ్మా. మళ్ల ఎన్నడు సూస్తరో" అని లోపలికి వెళ్లింది.

మంగళవారం తెల్లవారుతుండగా మా గేటు చప్పుడయింది. ఆమె వీధిలో నిలబడి ఉంది. చెప్పులు లేవు. జుట్టు ముడి వేసుకోలేదు.

"మా నాయిన పోయిండమ్మా. తమ్ముడు ఫోన్ జేసిండు." ఏడవడం లేదు. "నేను పోతున్న. ఇంటికి తాళమెయ్యలె, తలుపు దగ్గరికేసిన. ఫోన్ రాంగనే ఇవుతలికొచ్చిన, మైల మూటకు తగలొద్దని పీట దిక్కు పోలె. ఆయన నాగపూర్ దిక్కు లోడ్ మీద పోయిండు, అటుకెళ్లి అటే వస్తడు. మీరు జర ఇల్లు సూడుండ్రి. మీదే మూట గాబట్టి మీరుంటే ఏం గాదు గదమ్మా?"

ఏమీ కాదు అన్నాను. తాళం వేసుకొని వెళ్లు అనే మాట నాలుకమీదికి వచ్చింది. అంటే, ఎందుకు వేయవచ్చునో చెప్పాలి. వీధిలో ఆటో ఎక్కబోయే మనిషిని నిలబెట్టి అది చెప్పగలనా అని నన్ను నేను సమాధానపరచుకున్నాను. ఆటో కదిలిపోయింది.

ఆమె ఇంటిలోనికి వెళ్లి పీట ఎదుట కూర్చున్నాను. పీట చుట్టూ రోజుకొక ముగ్గు వేసిన జాడలున్నాయి. ప్రమిదలో నూనె ఇంకా ఉంది. మూటమీద దుమ్ము పడకుండా తన పెళ్లినాటి పట్టు జాకెట్టు గుడ్డ కప్పింది. గోడ మేకుకు తాళం, చెవితో సహా వేలాడుతున్నది. నేను తాళం వేసి, మూట తీసుకొని ఇంటికి పోవచ్చు. అంతేకాదు, రెండు గంటల దారి, తరువాతి బస్సు ఎక్కి ఆమె వెంట ఆ ఊరికే వెళ్లవచ్చు, వెళ్లి ఆ గుంపులో ఒకదానిగా నిలబడవచ్చు. ఏ నియమమూ నన్ను ఆపడం లేదు. కాని ఆ తాళం వేసిననాడు, అది వేయవచ్చునని నాకు మొదటినుంచీ తెలుసునని ఒప్పుకున్నట్లే. పదకొండు రోజులు నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. నా నోట పుట్టిన అబద్ధాన్ని శాస్త్రంలాగే పాటించాను. ఒకనాడు ఉప్పు అయిపోతే, అంగడికి కాదు గదా ఎదురుగా ఉన్న మా ఇంటికి కూడా వెళ్లలేదు. చప్పిడి అన్నం తిన్నాను.

నాలుగవనాడు ఆమె భర్త బట్టలకోసం వచ్చాడు. మాసిన గడ్డం. నేను నీళ్లిస్తే తాగి, గోడకు చేరగిలబడ్డాడు. నేను అడగకుండానే చెప్పాడు.

"పోయిన వారం బుధవారం సంది ముసలాయనకు పాణం బాగలేకుండె. తమ్ముడు రోజు ఫోనే. వచ్చి మొకం సూపియ్యి అక్కా అని. అంతకుముందు ఇద్దరం షిఫ్టులేస్కొని ఇంట్ల ఉంటుంటిమి. ఆమె పొద్దుగాల పనికి పోతే నేనుంటి, నేను పోతె ఆమె ఉండె. ఇగ నాకు నాగపూర్ లోడ్ వడ్డది. ఆమె పనికి సెలవు పెట్టి ఇంట్ల కూసున్నది. నేను మస్తు చెప్పినమ్మా. తాళమేసి పోవే, మూటకు రెక్కలొస్తయా, టీచరమ్మకు నేను చెప్త అని. ఇనలె."

"నన్నెందుకు అడగలేదు? నేనే వచ్చి కూర్చునేదాన్ని కదా."

"గురువారం వచ్చింది, మీ ఇంటికి తాళముండె. శుక్రారం వచ్చింది, తాళముండె." అతని గొంతులో నిష్ఠూరం లేదు. అందుకే వినలేకపోయాను. "ఫోన్ జెయ్యమన్న. ప్రస్థానంల ఉన్న మనిషికి సావుబతుకుల ముచ్చట ఫోన్ల ఎట్ల చెప్తరు అన్నది. మూట తీస్కపోండ్రి అన్నట్టు అయితదేమో అని గూడ భయపడ్డది."

అతడు బట్టలు తీసుకొని వెళ్లిపోయాడు. మూటవైపు ఒక్కసారి చూశాడు గాని, ఎప్పటివలె దానిమీద హాస్యమాడలేదు.

ఆ తరువాత వారం రోజులు నాలో ఒక వాదం నడిచింది. నేను తర్కం కూడా కొంత చదివినదానిని గనుక రెండు పక్షాలనూ పుష్టిగానే నడిపాను. చెబితే ఏమవుతుంది? ఒక మంచి పనికోసం తండ్రి కడచూపు వదులుకున్నానన్న తృప్తి ఒక్కటే ఆమెకు మిగిలింది. అది కూడా పోతుంది. చెప్పకపోతే నేను విమానమెక్కుతాను, ఆమె నన్ను దేవతలాగా సాగనంపుతుంది. చెప్పకపోవడమే దయలాగా కనిపించేది. కాని దానివెనుక దాగినది దయ కాదని, 'టీచరమ్మను అడుగుండ్రి' అనే మాటను పోగొట్టుకోలేని నా బలహీనత అని, ఎంత తర్కించినా మళ్లీ అక్కడికే వచ్చేదానిని.

ఆమె కర్మలు ముగించుకొని శనివారం తిరిగివచ్చింది. మార్గశిర శుద్ధ దశమి, ఆదివారం ఉదయం, ఆమె పీట తుడుస్తుండగా వెళ్లి చెప్పాను. నిలబడే చెప్పాను.

"అమ్మాయీ, ఆ మూటమీద చేయి తీసెయ్యి. అది ప్రస్థానం కాదు. నువ్వు ఊరికి వెళ్లాలనుకోవడానికి ముందే దాని గడువు తీరిపోయింది. నాకు తెలుసు. సిగ్గుపడి తీసుకోలేదు."

ఆమె అర్థం కానట్లు చూసింది.

"తాళం మాట కూడా శాస్త్రం కాదు. అది ఎక్కడా లేదు. నువ్వు అడిగావు, నాకు చెప్పడానికేమీ లేకపోయింది. కల్పించాను."

"అంటే..." అంది. చేతిలో గుడ్డ నేలమీద పెట్టింది. "తాళమేసి పోవచ్చునా?"

"పోవచ్చును."

"బుధవారమే పోవచ్చునా?"

"ఏనాడైనా పోవచ్చును."

వీధిలో కూరల బండి అతను మైకులో టమాటాల ధర చెప్పుకుంటూ పోయాడు. ఆ చప్పుడు దూరమైన తరువాత ఆమె, నన్ను చూడకుండా, గోడతో చెప్పినట్లు చెప్పింది.

"నాయినతోని ఫోన్ల మాట్లాడిన. మాటలు సక్కగ రాకుండె ఆయనకు. టీచరమ్మ ప్రయాణం మూట మనింట్ల ఉన్నది నాయినా, అమ్మ పోంగనే వస్త అన్న. 'మంచిది బిడ్డా, సదువు జెప్పిన తల్లి, మాట తప్పకు' అన్నడు. గదే ఆఖరి మాట. దినాల నాడు అందరికి గదే చెప్పుకున్న. మా నాయిన గింత గొప్పోడు అని."

నేను క్షమించమని అడగబోయాను. ఆమె చేయి ఎత్తింది.

"ఎందుకు చెప్పిన్రమ్మా ఇప్పుడు? ఏడాదిన్నర దాక మీరు రారు. చెప్పకుంట పోతే నాకు తెలుస్తుండెనా? మీ బరువు మీరు దింపుకున్నరు. మంచిది. ఇగ నేనెక్కడ దింపాలె?"

ఇంతకాలం నేను చదివినదంతా కలిపినా ఆ ప్రశ్నకు ఒక వాక్యం కాలేదు. ఆమె లేచి, మూటను రెండు చేతులతో తీసి, విసరకుండా, పద్ధతిగానే నా చేతుల్లో పెట్టింది. మీద కప్పిన పట్టుగుడ్డ మాత్రం తీసి తన దగ్గర ఉంచుకుంది. "పోయి రాండ్రి" అంది. అమ్మా అనలేదు.

ఆ తరువాత నేను ఊరు చూడడానికి వెళ్లలేదు. వీసా వచ్చేవరకు గదిలోనే ఉన్నాను. ఆబిడ్స్ కాలిబాటా, నయాపూలూ, నేను గట్టిగా చూసి దాచుకున్నవన్నీ ఏ రోజుల్లో చూశానో గుర్తుకు వచ్చి, వాటిని తలచుకోవడానికి మనస్సొప్పలేదు. జర్మనీలో, ఇక్కడి గ్రంథాలయంలో తాటాకులు విప్పేటప్పుడు అక్కడక్కడ, లేఖకుడు మూలంలో లేని పంక్తిని తానే కల్పించి చేర్చిన చోట్లు కనిపిస్తాయి. ఇదివరలో అటువంటివి చూసి నవ్వేదానిని. ఇప్పుడు అవి ఎవరిని ఏమి చేశాయో అని ఆగిపోతున్నాను.

నేను మార్గశిర బహుళ సప్తమి, గురువారం, 2025 డిసెంబరు 11న హైదరాబాదు విడిచాను. ముహూర్తం చూసుకోలేదు. ఆమె భర్త పెట్టెలు కారులో ఎక్కించాడు. ఆమె ఫ్యాక్టరీకి వెళ్లింది. డిసెంబరు 18న ఫోను చేస్తే, తండ్రి నెలమాసికానికి ఊరికి వెళ్లిందని అతడు చెప్పాడు. ఆ తరువాత మూడుసార్లు చేశాను. మాఘ బహుళ పాడ్యమి, సోమవారం, 2026 ఫిబ్రవరి 2, ఇది వ్రాస్తున్న ఈ రోజువరకు ఆమె నాతో మాట్లాడలేదు.